వెనక్కి తిరిగి దారి చూపిన మా నాన్న

ఆ రోజుల్లో మాకు రైలంటే ఇంట్లో మంచంతో సమానం, కారంటే మాత్రం ఐరావతం. నాందేడ్ రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగిన మాలాంటి పిల్లలకు పాసుల పుణ్యమా అని కాచిగూడ, మన్మాడ్ కొట్టినపిండే కానీ, రైలు పోని చోటు ఒకటుంటుందన్న ఊహే ఉండేది కాదు. ఊరంటే స్టేషనే. స్టేషన్ లేని ఊరు ఉన్నా లేనట్టే. బిలోలి అనే తాలూకా ఊరు మా జిల్లాలోనే ఉందని, అక్కడి నుంచి వచ్చిన అమ్మాయి కాలేజీలో నా పక్కన కూర్చునే దాకా నాకు తెలియదు (అక్కడికి రైలు లేదు మరి, నా తప్పేముంది). ఇప్పుడు ఆదివారం వస్తే చాలు, జనం కారు వేసుకుని పొద్దున కోట, మధ్యాహ్నం జలపాతం చూసి చీకటి పడేలోగా ఇల్లు చేరుతున్నారు. వాళ్లను చూసినప్పుడల్లా, జీవితంలో మొదటిసారి మేం కారులో షికారు వెళ్లిన రోజు గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకుంటాను.

మా నాన్న గూడ్సు బండి గార్డు. నాందేడ్ నుంచి భోకర్, హిమాయత్‌నగర్ మీదుగా ఆదిలాబాద్ వైపు పోయే చిన్న లైను ఆయన రాజ్యం. గార్డు ఉండేది బండి చివరి పెట్టెలో. కాబట్టి ఇరవై ఏళ్లుగా ఆయన ఆ దారిని వెనక్కి పోతుండగానే చూశాడు తప్ప ఎదురొస్తుండగా ఎప్పుడూ చూడలేదు. ఈ సంగతి ఎంత ముఖ్యమైనదో అప్పట్లో మాకెవరికీ తట్టలేదు.

ఇంతలో ఓ శ్రావణ మాసంలో మా మేనమామ హైదరాబాద్ నుంచి పాత కారొకటి కొనుక్కుని దిగాడు. అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. అక్కను తన దగ్గరికి తీసుకుపోవాలని ఆయన పట్టుదల. "సికింద్రాబాద్‌కు బదిలీ అడుగు బావా. అక్క గీ క్వార్టర్ల నువ్వెప్పుడొస్తవా అని కిటికీ దగ్గర కూసునుడు తప్ప ఏం చూసింది? మా దగ్గరుంటె ఆయితారం ఆయితారం గోల్కొండ పోవచ్చు, గండిపేట పోవచ్చు. ఈడ ఏమున్నదని?" అన్నాడు. నాన్నకు రోషం వచ్చింది. మర్నాడే గోదావరి ఘాట్ చూపించాడు, గురుద్వారాలో దండం పెట్టించాడు. ఆ మర్నాడు బస్సెక్కించి కంధార్ కోటకు తీసుకుపోయాడు (కారు అప్పటికి మెకానిక్ దగ్గరుంది). కందకంలో పచ్చటి నీళ్లు, ఆ పాత రాతి గోడలు చూసి నేను నోరు తెరుచుకుని నిలబడిపోయాను. మామ మాత్రం, "మంచిగున్నది గని, గోల్కొండ చూసినోనికి గిదెంత బావా" అన్నాడు.

నాన్న దగ్గర ఇక ఒకటే మిగిలింది. "సహస్రకుండ్ చూసినవా?" అన్నాడు. ఆ మాట వినగానే అమ్మ నవ్వింది. ఎందుకంటే నాన్న కూడా ఆ జలపాతాన్ని చూడలేదు. వానాకాలంలో ఆ అడవిలో సిగ్నల్ కోసం బండి ఆగినప్పుడు దూరంగా పైన్‌గంగ నది బండల మీద నుంచి దూకే మోత వినిపిస్తుందని ఏటా చెప్పేవాడు. డ్యూటీ నుంచి ఆలస్యంగా వచ్చి, చల్లారిన అన్నం ముందు కూర్చుని, "ఇయ్యాల మోత మస్తు గట్టిగున్నది" అని మొదలుపెడితే, అమ్మ కోపం చల్లార్చడానికి అల్లిన కథేననుకునేవాళ్లం. అమ్మ ఆ పూట నవ్వడం ఆపి తీర్పు చెప్పేసింది: "సరె. రేపు ఆ మోత కండ్లకు కనవడితె ఈడనే ఉందం. కనవడకుంటె తమ్ముడు చెప్పినట్టు బదిలీ అడుగు." నాందేడ్, నా కాలేజీ, నా బిలోలి స్నేహితురాలు, అన్నీ నాన్న చెవుల మీద ఆధారపడిపోయాయి.

తెల్లవారగానే ప్రయాణం. మాకు తెలిసినదల్లా రైలు ప్రయాణమే కాబట్టి సామాను కూడా అలాగే సర్దాం. హోల్డాల్‌లో రెండు పరుపులు, నీళ్ల కూజా, తాళం వేసిన ట్రంకు పెట్టె, పులిహోర. సాయంత్రానికి తిరిగొచ్చే షికారుకు పరుపులెందుకని మామ అడిగితే అమ్మ ఆయన్ని తెలివి తక్కువవాణ్ని చూసినట్టు చూసి, "పండాలనిపిస్తె?" అంది. నేను స్నేహితురాలి నల్లకళ్లద్దాలు పెట్టుకుని, కాలనీ అంతా చూస్తుండగా మహారాణిలా ఎక్కి కూర్చున్నాను. కారు కదలలేదు. కాలనీ అంతా వచ్చి తోయాల్సి వచ్చింది, ఆ తోసేవాళ్లలో కళ్లద్దాలతో సహా నేనూ ఉన్నాను. ఇంజన్ అందుకోగానే నాన్న గడియారం చూసి, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, "రైట్" అన్నాడు. మామ ఉలిక్కిపడి క్లచ్ వదిలేశాడు. మళ్లీ తోశాం.

భోకర్ దాకా బాగానే నడిచింది. అక్కడ మిర్చీ భజ్జీలు తిని ముందుకు పోయాక నాన్న ముందు సీట్లో దారి చూపడం మొదలుపెట్టాడు. ప్రతి మలుపు దగ్గరా కళ్లు చికిలించి, "ఇది కాదు, సీదా పోనియ్" అనేవాడు. కాస్త దూరం పోయాక వెనక్కి తిరిగి చూసి, "అరె, గదే. ఎన్కకు పోయింది" అనేవాడు. ఇలా నాలుగైదుసార్లయ్యాక మామ కారు ఆపి, "బావా, నీకు ఎదురు రాంగ తెల్వదా, పోయినంకనే తెలుస్తదా?" అన్నాడు. అప్పుడు తట్టింది మాకు. పాపం ఆయనకు చింతచెట్టు ఎదురొస్తే ఎలా ఉంటుందో తెలియదు, వెళ్లిపోతుంటే ఎలా ఉంటుందో తెలుసు. అమ్మే ఉపాయం చెప్పింది: "ఆయన్ని ఎన్క కూసోబెట్టున్రి."

దాంతో అమ్మ ముందుకు వెళ్లింది. నాన్న వెనక సీటు మీద మోకాళ్లూని, వీపు మాకూ ముఖం వెనక అద్దానికీ పెట్టి తన డ్యూటీలో కూర్చున్నాడు. అంతే, మనిషికి ప్రాణం లేచొచ్చింది. "ఆ గుట్ట తెల్సు. ఆ బాయి తెల్సు. గీ తొవ్వే." మామ ముందుకు చూస్తూ నడుపుతాడు, నాన్న వెనక్కి చూస్తూ చెబుతాడు. మలుపు దాటిపోయాక, "గదే, రివర్స్" అంటాడు. కారు వెనక్కి వచ్చి, ఆ మలుపు తిరుగుతుంది. అలా ఆ రోజు మేం ప్రతి మలుపునూ రెండేసిసార్లు చూశాం. వెనక వస్తున్న ఎడ్లబండ్లవాళ్లు అద్దంలో కనిపించే నాన్న డ్యూటీ కోటును చూసి ఎవరో పెద్ద సాహెబ్ అనుకుని దండాలు పెట్టారు. నాన్న అందరికీ తిరిగి దండం పెట్టాడు. నేను నల్లకళ్లద్దాల వెనక దాక్కున్నాను.

హిమాయత్‌నగర్ దాటాక రైలు కట్ట ఓ వైపు, రోడ్డు ఓ వైపు పోయాయి. కట్ట కనబడకపోయేసరికి నాన్న ధైర్యం సగం పోయింది. ఆకాశం ముసురుకుంది, టేకు చెట్ల మధ్య బాట ఎర్రటి బురదైంది. తిరిగి తిరిగి ఓ రైల్వే గేటు దగ్గర తేలి, జలపాతం ఎటని అడిగితే, గేటు కాసే ముసలాయన వినయంగా, "సాహెబ్, పుఢచ్యా ఫాటకాపర్యంత్ మాహీత్ ఆహే" అన్నాడు. తర్వాతి గేటు దాకా తెలుసట. ఆ గేటులో అడిగితే వాడూ అదే మాట. రైలు మనుషులంతా ఒకే తానులో ముక్కలని మామ గొణిగాడు. చివరికి దారి సన్నబడి, రెండుగా చీలి, ఎటూ కాని చోట కారు ఆగింది. అటు ఇటు అడవి తప్ప ఏమీ లేదు. "ఇగ చాలు బావా. దొరకనిది దొరకది. ఎన్కకు మళ్లుదాం" అన్నాడు మామ. అమ్మ కూజా మూత బిగించి కొంగు సర్దుకుంది. అది చూసి నాకు ఏడుపొచ్చింది. సికింద్రాబాద్ ప్లాట్‌ఫారం కళ్లకు కట్టింది.

నాన్న నెమ్మదిగా కారు దిగాడు. "ఇంజన్ బంద్ చెయ్యి" అన్నాడు. "బంద్ చేస్తె మళ్ల తొయ్యాలె" అన్నాడు మామ. "బంద్ చెయ్యి" అన్నాడు నాన్న మళ్లీ. నాన్న గొంతులో ఆ స్థిరత్వం నేనెప్పుడూ వినలేదు. ఇంజన్ ఆగింది. ఆకుల మీంచి చినుకులు రాలే చప్పుడు, కీచురాళ్ల రొద. నాన్న కళ్లు మూసుకుని, తల పక్కకు వంచి నిలబడ్డాడు, అడవిలో బండి ఆగినప్పుడు తన చివరి పెట్టె మెట్టు మీద నిలబడినట్టే. చాలాసేపటికి చెయ్యి ఎత్తి కుడివైపు చూపించాడు. మాకేమీ వినబడలేదు. ఆయన నడిచాడు, మేం చెప్పులు చేత పట్టుకుని బురదలో వెంట నడిచాం. కొంత దూరం పోయాక నా అరికాళ్లకు ముందు తెలిసింది, ఆ తర్వాతే చెవులకు. నేల సన్నగా అదురుతోంది. ఉరుము అనుకున్నాను, కానీ ఉరుము ఆగుతుంది కదా, ఇది ఆగలేదు.

చెట్లు అయిపోయాయి, ఎదురుగా అది ఉంది. ఎలా చెప్పాలో ఈనాటికీ నాకు చేతకాదు. ఇంత వెడల్పు నల్లటి బండలు, వాటి మీదికి నది నదంతా వచ్చి, వేయి పాయలుగా చీలి, మళ్లీ ఒక్కటై కిందికి పడిపోతోంది. ఎర్రటి నీళ్లు పైన, తెల్లటి పొగ కింద. ఆ పొగ మా ముఖాల మీదికి వచ్చి కొడుతోంది. నేను కళ్లద్దాలు తీసేశాను. భయమేసింది, ఏడుపొచ్చింది, చేతులు వాటంతట అవే జోడించుకున్నాయి. గోల్కొండ మామ పులిహోర గిన్నె పట్టుకుని అలాగే బండ మీద చతికిలబడ్డాడు.

అమ్మ చాలాసేపు నీళ్లనే చూసి, నాన్న చెవి దగ్గర నోరు పెట్టి అడిగింది: "గిదేనా, నువ్వు చెప్పే మోత?" నాన్న తలూపాడు. "ఇన్నేండ్లల్ల ఒక్కసారి దిగి చూడకపోతివి." నాన్న సిగ్గుపడ్డాడు. ఆ మోతలో అరిచి చెబితే తప్ప వినబడదు కాబట్టి, జీవితంలో భార్యతో ఎప్పుడూ గట్టిగా అనని మాట మా అందరికీ వినబడేలా అరిచి చెప్పాల్సి వచ్చింది: "నువ్వు లేక ఏం చూడాలె అని ఊకున్న." అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. తుంపరనే తుడుచుకున్నానని తర్వాత వాదించింది.

తిరుగు ప్రయాణంలో కారు తోసే ముందు, మామ నీరసంగా, "మరి బదిలీ సంగతి అక్కా?" అన్నాడు. అమ్మ తడిసిన చీర పిండుకుంటూ నింపాదిగా చెప్పింది: "ఇప్పుడే కాదు తమ్మీ. ఈయన ఎన్కకు చూసుకుంట ఇంక ఏమేం దాటేసిండో, అవన్ని చూసినంక వస్త."

ఆ తర్వాత మామ ఏటా వానాకాలంలో కారుతో దిగడం ఆనవాయితీ అయింది. మేం సికింద్రాబాద్ వెళ్లనేలేదు. అమ్మా నాన్నా ఇప్పుడు లేరు. నా కారులో ఫోన్‌లోంచి ఓ గొంతు ప్రతి మలుపునూ ముందే చెప్పేస్తుంది, ఒక్కటీ తప్పిపోదు. అయినా వానాకాలంలో అటువైపు వెళ్లినప్పుడు అడవిలో ఓ చోట మా అబ్బాయితో కారు ఆపించి, "ఇంజన్ బంద్ చెయ్యి" అంటాను. దారి తెలిసి కూడా ఇదేం చాదస్తమని వాడు విసుక్కుంటాడు. నేను మాత్రం వెనక అద్దం వైపు తిరిగి కూర్చుని, కళ్లు మూసుకుని వింటాను. ఈ వయసులో నాకు కూడా అన్నీ దాటిపోయాకే తెలుస్తున్నాయి.