మంగవ్వ చింపిన దుపట్టా

అమీర్‌పేటలో నేర్పని విద్య లేదు. ఒకే మెట్ల దారిలో కింద కంప్యూటర్ క్లాసు, నడుమ ఇంగ్లీషు క్లాసు, పైన సురేందర్ సార్ బొంతల క్లాసు. బొంత అంటే ఎవరూ ఫీజు కట్టరని బోర్డు మీద ‘క్విల్టింగ్ స్టూడియో’ అని రాయించాడు. అక్కడ సార్ మాట్లాడతాడు, జీతానికి చేరిన మంగవ్వ కత్తిరిస్తుంది.

బోరబండలో ఆమె ఉండే గల్లీ అంతా కప్పుకునేది ముప్పై ఏళ్లుగా ఆమె కుట్టిన బొంతలే. ఎవరూ నేర్పలేదు. పెళ్లయిన కొత్తలో అత్త బొంత కుట్లు విప్పి, మళ్లీ కుట్టి, మూడోసారికి నేర్చుకుంది. ఆ సంగతి అత్తకు చివరిదాకా తెలియదు.

ఆ రోజు పంజాగుట్ట నుంచి నఫీసా బొంత కుట్టించుకోవడానికి స్టూడియోకు వచ్చింది. పోయిన వానాకాలంలో చనిపోయిన తల్లి నూలు దుపట్టాలు మూడు తెచ్చింది. తన కూతురికి నెలలు నిండాయి. పుట్టే బిడ్డకు వాటితోనే బొంత కావాలి.

“ఇంక లేవక్కా, ఇవే,” అంది మంగవ్వతో. “ఖరాబైతే అమ్మీవి మళ్లీ ఎక్కడ్నుంచి తెస్త?”

సార్ ఒక దుపట్టా బల్ల మీద పరిచి, సుద్దతో మూల నుంచి మూలకు గీత గీశాడు. “అన్ని ముక్కలు ఏటవాలుగ కొయ్. డైనమిక్‌గ కనపడ్తది.”

మంగవ్వ దుపట్టాను పొడుగునా గుంజింది. కదల్లేదు. అడ్డంగా గుంజితే కాస్త వచ్చింది. ఎదురెదురు మూలలు పట్టి గుంజితే రబ్బరులా సాగింది.

“గిట్ల కోస్తే కుట్టేటప్పుడే సాగుతది సారూ. ఉతికినంక అప్పడమే.”

“నువ్వేమన్న కోర్సు చేసినవా?”

“లేదు సారూ. బొంతలు చేసిన.”

సార్ కత్తెర తానే అందుకున్నాడు. నఫీసా చెయ్యి దుపట్టా మీద పడింది. మంగవ్వ తన అన్నం డబ్బా చుట్టూ కట్టిన పాతచీర గుడ్డ విప్పి ముందు పెట్టింది. “ముందు నాది కొయ్యండి.”

సార్ నాలుగు ముక్కలు ఏటవాలుగా కోశాడు. మంగవ్వ మిషన్ మీద జోడించింది. అంచులు అలలు తిరిగి లేచి కూర్చున్నాయి.

“గిదే టెక్స్‌చర్,” అన్నాడు సార్.

“టెక్స్‌చర్ మీ ఇంట్ల కప్పుకోండి భాయ్,” అంది నఫీసా. “నా దుపట్టా అక్కకియ్యండి.”

మంగవ్వ కత్తెర ముట్టలేదు. దుపట్టా అంచును పంటితో కొరికి, రెండు చేతులతో సర్రున చింపింది.

“యా అల్లా!” నఫీసా బల్ల పట్టుకుంది. సార్ ముఖం వెలిగింది.

“చూడమ్మా,” అని మంగవ్వ చినుగు చూపించింది. పోగు వెంట, స్కేలు పెట్టి గీసినట్టు పోయింది. “కత్తెర మనం తిప్పినట్టు తిరుగుతది. చినుగు తిరగదు. పోగు పట్టుకొనే పోతది.”

నఫీసా ఆ అంచు మీద వేలు పెట్టి చివరిదాకా నడిపింది. తర్వాత రెండో దుపట్టా తనే అందించింది.

సార్ అప్పటికే ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టాడు. “స్టూడెంట్స్, నేను కనిపెట్టిన టెక్నిక్‌ల మొదటి స్టెప్...”

“సారూ,” అంది మంగవ్వ, “జర గా ఫోన్ పక్కన పెట్టి గీ కొస వట్టుకోండి. గట్టిగ. మాట్లాడకుండ.”