ఎడమ చివరి మెట్టు

పియానో టీచరమ్మకి యాభై మూడో ఏట పరదేశపు సంగీత పాఠశాలలో ఉద్యోగం వచ్చింది. అందరూ మెచ్చుకున్నారు. ఆవిడ బెంగ మాత్రం ఒక్కటే: పియానోని ఓడలో పంపడమా, ఇక్కడే వదిలేసి అక్కడ ఇంకోటి కొనుక్కోవడమా? చెక్కపెట్టెకి ఇంత ఆలోచన దేనికన్న వదినగారితో ఆవిడ వారం రోజులు మాట్లాడలేదు.

సంగతి తేల్చమని శిష్యుణ్ణి పిలిపించింది. పేరుకే శిష్యుడు, తల నెరిసిన మనిషి. పియానోలు శ్రుతి చేసే పని ఆవిడ భర్త దగ్గర నేర్చుకున్నాడు. ఆయన పోయి మూడేళ్ళు దాటింది. ఉన్నన్నాళ్ళూ ఆరునెలలకోసారి ఇంటి పియానోని శ్రుతి చేసి, ఎడమ చివరి మెట్టు పైకి తీసి, దాని పక్క చెక్క మీద పెన్సిలుతో తేదీ వేసేవారు. గురువుగారి దగ్గర నేర్చుకున్నవాళ్ళందరిదీ అదే పద్ధతి.

శిష్యుడు మెట్లన్నీ నొక్కి చూశాడు. సముద్రపు చెమ్మకి లోపలి పలక పగులుతుందనీ, పంపకపోవడమే మేలనీ చెప్పాడు. అంతవరకూ బాగానే ఉంది. తర్వాత, ఇంత చక్కగా శ్రుతి చేస్తున్నదెవరని అడిగాడు. ఎవరినీ పిలవలేదందావిడ. అతను చివరి మెట్టు పైకి తీశాడు.

ఆయన పోయాక వేసిన తేదీలు ఆరున్నాయి. ఏడు అంకెకి నడుం మీద గీతతో సహా, రాత ఆయనదే.

టీచరమ్మ ఉలిక్కిపడలేదు. బజారు నుంచి వచ్చేసరికి పియానో ముందరి పీట జరిగి ఉండటం ఆవిడ ఎరుగును. చెబితే పిచ్చి పట్టిందంటారని గుట్టుగా ఉంచుకుంది.

"ఆయన పియానోలో ఉన్నారో, ఈ గదిలో ఉన్నారో నాకు తెలియాలి," అంది. "పియానోలో ఉంటే, పగిలినా సరే, వెంట తీసుకెళ్తాను."

ఆరునెలల లెక్కన తర్వాతి శ్రుతి రెండు వారాల్లో పడుతుంది. నలుగురు మనుషులు పియానోని శిష్యుడి దుకాణానికి మోసుకెళ్ళారు. ఆ రోజు రానే వచ్చింది. టీచరమ్మ పొద్దుటినుంచీ ఖాళీ గదిలో కూర్చుంది.

మధ్యాహ్నం పియానో ఉండే మూలలో శ్రుతిదండం మోగింది. ఆయన దాన్ని మోకాలికి కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని, ఆ స్వరానికి పియానోని కలిపేవారు. మోత ఆగింది. మళ్ళీ మోగింది. బదులు పలికేది అక్కడ లేదు.

ఆవిడ మూల వైపు తిరిగింది.

"ఇక్కడ లేదండీ," అంది.

అడుగుల చప్పుడు బయల్దేరింది. పడకగదిలోకి, వంటింట్లోకి, మళ్ళీ హాల్లోకి. ఆవిడ కుర్చీ పక్కనుంచే రెండుసార్లు వెళ్ళింది గానీ ఒక్కసారీ ఆగలేదు. ఆవిడకి ఏడుపు ముంచుకొచ్చింది. వెంటనే శిష్యుడికి ఫోన్ చేసింది. అక్కడ మెట్టు పక్కన కొత్త తేదీ లేదన్నాడు.

"తెచ్చెయ్యి నాయనా, ఇప్పుడే. ఆయన వెతుక్కుంటున్నారు."

పియానో మళ్ళీ మూలకి చేరాక, ఇల్లు శిష్యుడి కుటుంబానికి అద్దెకిచ్చింది. పియానోని కదపకూడదని మాట తీసుకుంది. అక్కడ కొత్తది కొనుక్కుంటానంది.

మళ్ళీ ఆరునెలలకి, ప్రయాణం రోజు పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడింది. గడప దాటేటప్పుడు వెళ్ళొస్తాననాలి.

"వెళ్తానండీ," అంది.

లోపల దండం మోగింది. పియానో బదులు పలికింది. మళ్ళీ దండం, మళ్ళీ పియానో. ఆవిడ కాసేపు చూసింది. గుమ్మం దాకా ఎవరూ రాలేదు.