ఆంటీ ఆపనివ్వని గడియారం

మనం వలసొచ్చిన ఈ బ్లాక్‌టౌన్‌లో మా పక్కింటి ఐరిష్ ఆంటీ పోయారు. కబురు చెప్పిన మన రేడియో కమిటీ సెక్రటరీ ఆ నోటితోనే "ఆవిడ టేపులెక్కడ?" అన్నాడు. ఒళ్ళు మండింది.

పోయిన ఆదివారం రేడియోలో నేను నడిపే తెలుగు గంటలో పాటలేవని మీలో కొందరు నన్ను దులిపేశారు. "మన టైంలో ఆ ఐరిష్‌వాళ్ళ గోలేంటన్నా?" అన్నారు. చెబుతాను, వినండి.

ఇక్కడ స్థిరపడిన ఐర్లండ్ ముసలివాళ్ళ ఇళ్ళకెళ్ళి, వాళ్ళ ఆటలూ పోరాటాలూ వాళ్ళ నోటనే రికార్డు చేసి మన వలంటీర్ రేడియోలో వినిపించేవారావిడ. ఆ బరువైన రికార్డరు మోసేది నేను.

రికార్డింగంటే ఎవరైనా ముందుగా, చప్పుడు పడకుండా, గదిలోని గడియారం ఆపుతారు. ఈవిడ ఆపనిచ్చేవారు కాదు. గడియారం లేని ఇంటికి తన అలారం గడియారం సంచిలో తెచ్చేవారు. "ఎవడైనా టేపు మధ్యలో కోస్తే టిక్‌టిక్ తడబడుతుంది. దొంగ దొరికిపోతాడు" అనేవారు. టేపులు కోయమనే కమిటీని నేను తిట్టిపోస్తుంటే, "నీ కోపం మైక్‌కి దూరంగా పెట్టు నాయనా, రికార్డరు మీద చప్పుడు కొలిచే ముల్లు విరిగేలా ఉంది" అని నవ్వేవారు.

చివరి గొడవ ఒక పెద్దాయన టేపు మీద. ఆయన చిన్నప్పుడు ఐర్లండ్‌లో వాళ్ళ ఊళ్ళో హర్లింగ్ జరుగుతోంది. కర్రలతో బంతి కొట్టే వాళ్ళ ఆట. ఇంగ్లీషు సైనికులు మైదానంలోకొచ్చి, ఆడుతున్న ఆయన అన్నని ఈడ్చుకుపోయారు. అన్న మళ్ళీ రాలేదు.

"ఆట ఉంచండి, రాజకీయం కోసేయండి" అంది కమిటీ. అన్నని లాక్కుపోయారని చెప్పడం రాజకీయమట! నోరు మూయించడం మాత్రం కాదట!

ఆంటీ ఒప్పుకోలేదు. "ముక్క పోకుండా వేస్తానని ఆయనకి మాటిచ్చాను." మంచం పట్టాక ఆ టేపు నా చేతిలో పెట్టారు. మాట కూడా నాదైపోయింది.

అందుకే, మన గంటలోనే వేశాను. తెలుగు గంట పీకేస్తారేమో. పీకనీండి. మన తాతల్నీ ఆ దొరలే ఈడ్చుకుపోయారు. ఇది వాళ్ళ గోల ఎలా అవుతుంది?

ఆ ఆదివారం పెద్దాయన స్టూడియోలో నా పక్కనే కూర్చున్నారు. టేపు తిరుగుతోంది. ఆట, అరుపులు, సైనికులు. సెక్రటరీ పరిగెత్తుకొచ్చి బయటినుంచి స్టూడియో కిటికీ అద్దం బాదుతున్నాడు. తలుపుకి గడియ వేశాను. టేపులో అన్న పేరు పలికి పెద్దాయన ఆగిపోయారు. ఆ మౌనాన్ని ఆంటీ అలాగే ఉంచేశారు. అద్దం అవతల సెక్రటరీ నోరు కదులుతోంది, మాట వినబడదు. ఇవతల పెద్దాయన కళ్ళు మూసుకున్నారు. స్పీకర్లో గడియారం ఒక్కటే, ఎక్కడా తడబడకుండా, టిక్, టిక్, టిక్.