ఓడినవాళ్ల పేర్లు

కడప నుంచి వచ్చిన గియాసుద్దీన్ మెల్‌బోర్న్‌లో, 2000 రాగానే కంప్యూటర్లు తేదీ తప్పకుండా వైటూకే మరమ్మతులు చేసే ప్రోగ్రామరు. 1999లో ఒక యూదు గ్రంథాలయం తమ ధర్మశాస్త్రాన్ని కంప్యూటర్లోకి ఎక్కించమంది. మధ్యయుగాల రబ్బీలు, అంటే యూదు మతగురువులు, చెల్లాచెదురుగా ఉన్న వాదాలను అంశాలవారీగా సర్ది రాసిన శాస్త్రమది. గియాస్ ప్రశ్నకొక తీర్పు చొప్పున ఎక్కించి, పని ముగిసిందన్నాడు. సోమవారం పెద్ద బ్యాంకులో చేరాలి.

గ్రంథాలయం చూసుకునే ముసలి రబ్బీ ఎలియెజర్ స్క్రీన్ చూశాడు. "బాగుంది. మరి వాదంలో ఓడినవాళ్లు ఏరయ్యా?"

"తీర్పయ్యాక వాళ్లతో ఏం పని సార్?"

"ఎనిమిది వందల ఏళ్ల కిందట ఒక మహాపండితుడూ నీలాగే తీర్పులే ఉంచాడు. ఇప్పటికీ తిడుతున్నాం. రేపటి న్యాయమూర్తికి ఓడిన మాటే నచ్చొచ్చు కదా!"

ఆ సాయంత్రం, ఓడిన మాటలూ చేర్చాకే బ్యాంకుకు పోతానని గియాస్ అనగానే భార్య రహీమా తల పట్టుకుంది. "బ్యాంకు మీ కోసం కాచుకోనుంటాదా?"

"ఉండదు. కానీ మా తాత ఖాజీ. ఓడినోడి మాట రాయకుండా ఏ తీర్పు మీదా సంతకం పెట్టలేదు. నేను సగం పనికి పెట్టాల్నా?"

బ్యాంకు వేరేవాణ్ణి తీసుకుంది. గియాస్ నగర శివారు వెర్రిబీలోని తన ఇంట్లో ఆరు వారాలు కూర్చుని, ఓడిన ప్రతి మాటనూ చెప్పినవాడి పేరుతో చేర్చాడు. రబ్బీ మొదటి ప్రశ్న తెరిచి, ఓడినవాడి పక్షం పట్టి అక్కడికక్కడే వాదనకు దిగాడు.