నీళ్లు సాఫ్ అనేదాకా

"మళ్ల ఎప్పుడొస్తవ్ చిచ్చా?"

"గుట్ట ఏడుంటే ఆడికి పోతా బేటీ. మీ తాన గుట్ట అయిపోయె గద!"

కామారెడ్డి స్టేషన్లో బండి కదిలే ముందు, బండలు పేల్చే మదార్ మేస్త్రీ నేనూ మాట్లాడుకున్న ఆఖరి మాటలివి. చిన్నాయన వరసలో ఆయన్ను చిచ్చా అనేదాన్ని. ఆయన వెళ్లి అయిదారేండ్లయింది. ఇప్పుడు ఎక్కడ ఉన్నాడో, ఉన్నాడో లేడో కూడా నాకు తెలియదు. ఈ పొద్దున మా తమ్ముడి పెరటి వెనక బావిలో బండ పేల్చారు. చప్పుడు ఆగిన కాసేపటికి దడి మీదుగా కాలిన మందు వాసన వచ్చి ముక్కులో కూర్చుంది. నా చేతిలో జొన్నరొట్టె పిండి అట్లాగే ఉండిపోయింది. చప్పుడుకే పక్కింటి వాళ్లు చెవులు మూసుకుని లోపలికి ఉరికారు. నేను మాత్రం వాకిట్లోకి వచ్చి, బావి వైపు ఎవరైనా నడుస్తున్నారా అని చూశాను. అది చూసి మా తమ్ముడు రాజయ్య నవ్వి, "అక్కా, నీ మేస్త్రి ముచ్చట చెప్పు, నేను రాస్త," అన్నాడు. నాకు రాయడం రాదు. నా పేరులో రెండక్షరాలు గుర్తుపడతాను, అంతే. చెప్పడం మాత్రం ఎవరూ నేర్పనక్కర లేదు.

మా అత్తగారి ఊరు ఎల్లారెడ్డి అవతల, మంజీర ఒడ్డున. కింద ఆనకట్ట కట్టాక నీళ్లు ఎదురెక్కి మా పాత రేవును మింగేశాయి. కొత్త రేవు కావాలంటే నీళ్లలోకి పొడుచుకొచ్చిన గుట్టను కోసి బాట వేయాలి. సర్కారు ఆ పని మొదలుపెట్టింది. మా ఆయన పుట్టి నడిపేవాడు. పుట్టి అంటే వెదురుతో అల్లి తోలు కప్పిన గుండ్రటి పడవ. ఒక్క తెడ్డు మీద నడుస్తుంది, తెడ్డు వదిలితే బొంగరంలా తిరుగుతుంది. అవతలి ఊళ్ల జనం కూరగాయల గంపలు, కోళ్లు, పిల్లాజెల్లా అంతా ఆ పుట్లలోనే ఎల్లారెడ్డి అంగడికి దాటేవాళ్లు. నేను గుట్ట దగ్గర తట్టలతో రాళ్లు మోసే కూలికి పోయేదాన్ని.

నా గొంతు పుట్టుకతోనే మోటు. మెల్లగా మాట్లాడాననుకుని మాట్లాడినా నాలుగిండ్ల అవతల వినబడేది. మా అత్త గంగవ్వ రోజుకొకసారైనా, "నువ్వు నోరు తెరిస్తె పిట్టలు లేచిపోతున్నయే, కోడలు పిల్ల గొంతు గడప దాటొద్దు," అనేది. అందుకని పనిలో కూడా మూతికి కొంగు అడ్డం పెట్టుకుని మాట్లాడేదాన్ని. అట్లాంటి నన్ను మొదటిరోజే మదార్ మేస్త్రి నిలబెట్టి, "ఏంది బిడ్డా, గంత మెల్లగ మాట్లాడుతున్నవ్? పొద్దుగాల గట్క తినలేదా?" అని అడిగాడు. తట్టలు మోసేవాళ్లంతా పగలబడి నవ్వారు. వాళ్లు ఎందుకు నవ్వుతున్నారో తెలియక ఆయన అందరి మొహాలూ చూశాడు. బండలు పేల్చీ పేల్చీ ఆయనకు కుడిచెవి పూర్తిగా పోయింది, ఎడమచెవి సగం మిగిలింది. ఒక కనుబొమ కాలిపోయి మళ్లీ మొలవలేదు. ఎప్పుడు చూసినా ఆశ్చర్యపోతున్నట్టు ఉండేవాడు. ఈ లోకంలో నా గొంతు చాలలేదన్న మనిషి ఆయన ఒక్కడే.

బండ పేలితే రాళ్లు ఎగిరి నీళ్లలో సగం దూరం దాకా పడేవి. అంతసేపూ పుట్లు రాకుండా ఆపాలి. పని చేయించే సర్కారు ఓవర్సీరు గుట్ట మీద ఎర్రగుడ్డ కట్టించాడు. నీళ్ల మీద ఎండ మెరుస్తుంటే తెడ్డు వేసేవాడికి గుడ్డ ఎక్కడ కనబడుతుంది? మరునాడు డప్పు కొట్టించాడు. ఆయన మన దిక్కు మనిషి కాదు, పాపం. డప్పు మోగితే మన జనం పారిపోతారా? చాటింపు ఏమిటో వినాలని దగ్గరికి వస్తారు. వచ్చారు. నీళ్ల మీద ఉన్న మూడు పుట్లూ తిన్నగా గుట్ట వైపే తిరిగాయి. మేస్త్రి అప్పటికే మందు వత్తి ముట్టించి కిందికి దిగుతున్నాడు. నేను తట్ట పడేసి, ఏం చేస్తున్నానో తెలియకుండానే బండ ఎక్కి అరిచాను.

"ఓ మల్లన్నా! ఎన్కకు తిప్పు! ఓ ఎల్లన్నా! బండ పేలుతది, ఎన్కకూ!"

పేరు వినబడితే మనిషి ఆగుతాడు. వాళ్లిద్దరూ తెడ్లు తిప్పారు, వాళ్లను చూసి మూడోవాడూ తిప్పాడు. గుట్ట పేలింది, వాళ్లు వదిలిపోయిన నీళ్లలో రాళ్లు దబదబా పడ్డాయి. పొగలోంచి మేస్త్రి వచ్చి, "ఆ గొంతెవరిది?" అన్నాడు. నేను కొంగు నెత్తి మీదికి లాక్కుని తిట్లకు సిద్ధపడి నిలబడ్డాను. "ఈమె రేపటిసంది తట్ట మోయదు," అన్నాడు ఓవర్సీరుతో. "బండ మీద నిలవడతది. గీ చెవి నాది పోయింది సాబ్, గీమె చెవి నాకు కావాలె. గొంతు నీళ్లకు కావాలె."

అట్లా నేను బండ మీదికెక్కాను. పని పెద్దదేమీ కాదు, కాని తప్పితే తిరిగిరానిది. నీళ్ల మీద ఉన్న ప్రతి పుట్టివాణ్నీ పేరు పెట్టి పిలిచి ఒడ్డుకు తీయించాలి. అప్పుడు మేస్త్రి పై నుంచి, "నీళ్లు సాఫేనా బేటీ?" అంటాడు. నేను "సాఫ్ చిచ్చా," అంటేనే వత్తికి నిప్పు పెడతాడు. ఆ తరువాత ఎన్ని పేలాయో విని చెప్పాలి. ముట్టించినవన్నీ పేలితేనే మళ్లీ పుట్లు కదలాలి, మిగిలింది ఎప్పుడు పేలుతుందో చెప్పలేం. మొదటిరోజు ఆయన అడిగినప్పుడు నేను, "సాఫే అయి ఉంటది," అన్నాను. ఆయన నిప్పు కింద పెట్టి బండ దిగి వచ్చాడు. "బేటీ, ఒకపారి నేను గట్లనే అనుకున్న. అయి ఉంటదిలే అని. గా మాటల ఒకామె పానం పోయింది. గీ బండ మీద గా మాట వద్దు. ఎరుకైతె ఎరుక అను, లేకుంటె లేదను." మళ్లీ పైకెక్కి మొదటినుంచి అడిగాడు.

పేర్లు పెట్టి పిలవడంలో ఒక్క చిక్కు ఉంది. మా ఆయన పేరు నేను నోటితో అనకూడదు. మొగుడి పేరు తీస్తే ఆయుష్షు తగ్గుతుందని మావైపు ఆడవాళ్లందరికీ భయం. అందుకని ఆయన పుట్టి వచ్చినప్పుడు మాత్రం, "ఓ గంగవ్వ కొడుకా!" అని కేకేసేదాన్ని. ఒడ్డంతా నవ్వేది. ఆయన మూతి ముడుచుకునేవాడు కాని ఆగేవాడు.

ఒక అంగడి రోజున ఆరు చోట్ల మందు కూరారు. పేలాయి. నా చెవికి అయిదే వినబడ్డాయి. "అయిదే చిచ్చా, ఒకటి ఉన్నది," అన్నాను. అవతలి గుట్ట మారుమోగిందని, ఆరూ పోయాయని ఓవర్సీరు అన్నాడు, కూలీలు అన్నారు, ఒడ్డున గంపలు పట్టుకుని నిలబడ్డవాళ్లంతా అన్నారు. మేస్త్రి నా మొహం చూశాడు. "అయిదంటున్నది గద. ఆగుండ్రి," అన్నాడు. పొద్దు నడినెత్తి దాటింది. గంపల్లో తోటకూర వాడి వేలాడింది. కోళ్లు నోళ్లు తెరిచాయి. ఒకావిడ నా వైపు దుమ్మెత్తి పోసి, "నీ చెవుల్ల పుండు వుట్ట!" అంది. పొద్దు వాలాక మేస్త్రి ఒక్కడే గుట్ట మీదికి పోయి చూసి వచ్చాడు. ఆరూ పేలాయి. రెండు ఒక్కసారే పోయాయి, అందుకే ఒక్క చప్పుడు.

నాకు భూమి చీలి మింగేస్తే బాగుండుననిపించింది. జనం మేస్త్రి మీదికి వచ్చారు. ఆయన నెమ్మదిగా, "ఆపితె ఏమాయె? కూరాకు వాడింది. మళ్ల మొలుస్తది," అన్నాడు. తరువాత అందరికీ వినబడేటట్టు నాతో, "అయిదు వింటివి, అయిదని చెప్తివి. పదిమంది ఆరన్నరని నువ్వు ఆరనలే. రేపు గూడ గిట్లనే చెప్పాలె," అన్నాడు.

రేపు చెప్పడం అంత తేలిక కాదని ఆ సాయంత్రమే తెలిసింది. మా ఆయన అన్నం ముందు కూర్చుని, "ఊరంత నవ్వుతున్నది. ఇగ నీ కేకకు నేను ఆగ," అన్నాడు.

"ఆగకుంటె రాయి తలుగుతది," అన్నాను.

"గంగవ్వకు ముగ్గురు కొడుకులు. నువ్వు ఎవన్ని పిలుస్తున్నవో నాకేమెరుక? ఆపాల్నంటె పేరువెట్టి పిలువు." నేను పిలవలేనని ఆయనకు తెలుసు. మా అత్త పొయ్యి దగ్గర కిసకిసా నవ్వింది.

మరునాడు బండ ఎక్కి పిలిస్తే గొంతు సగమే వచ్చింది. మిగతా పుట్లవాళ్లు గొణుగుతూనే ఒడ్డెక్కారు. ఒక్క పుట్టి మాత్రం నీళ్ల నడుమ నుంచి గుట్ట వైపే వస్తున్నది. అందులో మనుషులు కిక్కిరిసి ఉన్నారు. ఒకామె ఒళ్లో పసిబిడ్డ.

"ఓ గంగవ్వ కొడుకా!" అన్నాను. ఆయన తల ఎత్తలేదు. రెండోసారి పిలిస్తే తెడ్డు ఎత్తి ఊపి మళ్లీ వేశాడు. ఒడ్డు మీది పుట్లవాళ్లు లేచి నిలబడ్డారు. వాడు ఆగకపోతే మేమెందుకు ఆగాలి అన్నట్టు ఒకడు తన పుట్టిని నీళ్లలోకి నెట్టబోయాడు.

"నీళ్లు సాఫేనా బేటీ?" పై నుంచి మేస్త్రి.

"సాఫ్ లేదు చిచ్చా."

ఓవర్సీరు విసుక్కున్నాడు. పుట్టి దూరంగానే ఉందని, ముట్టించమని అన్నాడు. మేస్త్రి, "ఆమె సాఫ్ అనలే సాబ్," అని బండ మీద చతికిలబడి, వత్తికి పెట్టాల్సిన నిప్పుతో బీడీ ముట్టించుకున్నాడు. నా వైపు చూడనైనా చూడలేదు. నేను ఏదో ఒకటి చేస్తానని అంత నమ్మకం.

ఆయుష్షు తగ్గుతుందన్నారు. రాయి తగిలితే ఆయుష్షే ఉండదు గదా అనుకున్నాను. కొంగు నెత్తి మీంచి తీసి నడుముకు చుట్టుకున్నాను.

"ఓ సాయిలూ! పుట్టి ఒడ్డుకు దియ్! సాయిలూ!"

ఆ పేరు అవతలి గుట్టకు తగిలి మళ్లీ మా ఒడ్డుకు వచ్చింది. ఆడవాళ్లు నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు. సాయిలు చేతిలో తెడ్డు ఆగిపోయింది. పుట్టి గిర్రున ఒక చుట్టు తిరిగింది. అందులో ఉన్న ముసలమ్మ ఆయన వీపు మీద చరిచి, "నిన్నేరా పిలుస్తున్నది, ఇప్పుడన్న తిప్పు!" అంది. తిప్పాడు. ఒడ్డెక్కి పుట్టిని ఇసుక మీదికి లాగి దాని వెనకే కూర్చున్నాడు. నీళ్లలోకి నెట్టబోయినవాడు కూడా చప్పుడు చేయకుండా తనది వెనక్కి లాక్కున్నాడు.

"సాఫ్ చిచ్చా!" అన్నాను. అప్పుడు వచ్చింది నా గొంతు పూర్తిగా.

ఆ సాయంత్రం మా ఆయన, "నా పేరు గంత దూరం పోతదని నాకెరుక లేకుండె," అన్నాడు. తిట్టో మెప్పో నేను తేల్చుకోలేదు. ఆ తరువాత గుట్ట పని అయ్యేదాకా మొదటి కేకకే అన్ని పుట్లూ ఒడ్డెక్కేవి. మొగుణ్నే పేరు పెట్టి పిలిచింది, మనమెంత అనుకునేవాళ్లు. ఒక్క మనిషికి గీత కూడా పడలేదు.

పోయిన వానాకాలం సాయిలు జ్వరంతో పోయాడు. శవం లేవకముందే ఒకరిద్దరు, "ఆనాడు పేరు దీసె గద," అన్నారు. నేను ఏడుపు ఆపి చెప్పాను: "పేరు దీసిన కాబట్టే ఇన్నేండ్లు ఉన్నడు." మదార్ చిచ్చా నాకిచ్చింది అదే. తెలిసింది తెలిసినట్టు చెప్పాలి, ప్రమాదం ఉందనుకుంటే ఆపాలి, ఆపింది వృథా అయినా సిగ్గుపడకూడదు. దినాలు కాకముందే నా మరుదులు ఇల్లూ పుట్టీ పంచుకోబోతే, పదిమందిలో నిలబడి, "ఆగుండ్రి," అన్నాను. ఆగారు. నా వంతు నాకు దక్కింది. ఈ పొద్దున బావి దగ్గర కూడా, పేలినవి లెక్క చూశారా అని అడిగాను. లెక్క చూసేదాకా పిల్లల్ని గట్టు ఎక్కనియ్యలేదు.

ఇగ చాలు తమ్ముడూ. కలం పక్కకు వెట్టి మొదటిసంది చదువు. మీ బావ పేరు రాసినవ్ గద, బామ్మర్దివని మర్యాదకు ఆడ 'బావ' అని రాయలేదు గద? ఏది, చదువు, వింట.