కారంగిర్ని అదురు

పగటిపూట ప్రేమలతను పిలిస్తే రెండోసారికి గాని పలకదు. పరధ్యానం మనిషని ఇంట్లోవాళ్లు నవ్వుకుంటారు. పాపం, ఆమె ఉద్యోగమే అలాంటిది. హైదరాబాద్ కంపెనీ ఒకదానికి ఇంటి నుంచే పంపులకూ టర్బైన్లకూ కంప్యూటర్లో మోడళ్లు తయారుచేస్తుంది. తిరిగే ఇరుసును కొన్ని బరువులుగా, కొన్ని స్ప్రింగులుగా విడగొట్టి, ఏ వేగంలో ఎంత అదురుతుందో ముందే చెబుతుంది. కంటికందని ఆ వణుకును తెర మీద వెయ్యిరెట్లు పెంచి, నెమ్మదిగా ఆడించి చూసుకుంటుంది. అంతటి ఉక్కు ఇరుసూ నిద్రలో ఒత్తిగిలే మనిషిలా అటు వంగి ఇటు వంగుతుంటే, ఈ లోకమంతా లోపల్లోపల ఇలాగే ఊగుతోందా అనిపించి ఆమెకు హాయిగా ఉంటుంది. ఈలోగా చాయ చల్లారిపోతుంది.

లోకంలోని యంత్రాలన్నీ పట్టిన ఈ మహాతల్లికి, ఇంటి కింద భర్త వెంకట్రాజం మిరపకాయలు పట్టే కారంగిర్ని మాత్రం ఏనాడూ కంటికి ఆనలేదు. సొంతింటిది గదా, చులకన. పొద్దెక్కగానే అది మొదలయ్యేది, ఇల్లంతా సన్నగా వణికేది. చివరికి పక్కింటి రాజేశ్వర్ రావు గోడ బీటవారింది.

“వెంకట్రాజం, నిన్ను జూస్తె ఏమనబుద్ధి గాదు. కని నా గోడ ఆగేటట్టు లేదు. అదురన్న ఆపు, లేకుంటె గిర్నన్న బంద్ వెట్టు,” అన్నాడాయన.

గిర్ని తప్ప వెంకట్రాజానికి వేరే పని రాదు. కలిపిన అన్నం ముందు అలాగే కూర్చుండిపోయిన భర్తను ప్రేమలత చూసింది. సెలవు పెట్టి గిర్నిని కంప్యూటర్లోకి ఎక్కించింది. ఇరుసు, చక్రం, నేల, గోడ, పైగది దాకా అన్నీ గీసింది. చక్రం ఒక పక్కకు బరువుందనీ, ఆ అదురు నేల గుండా గోడకెక్కుతోందనీ తేలింది. చక్రానికి ఎదురుబరువు బిగించి, గిర్ని కాళ్ల కింద రబ్బరు దిమ్మెలు పెట్టించారు. గిర్ని తిరిగింది, ఇల్లు కదల్లేదు. రాజేశ్వర్ రావు గోడకు చెయ్యి ఆనించి చూసి, తృప్తిగా వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నం పైగదిలో అత్త సోమక్క అన్నం ముట్టలేదు. ఆమెకు చెవులు వినబడక చాలా ఏళ్లయింది, మోకాళ్ల నొప్పులతో మెట్లు దిగలేదు. మంచం దిగి కింద కూర్చుని, అరచెయ్యి గచ్చుకు ఆనించి ఉంది. కోడలిని చూడగానే కళ్లనీళ్లు పెట్టుకుంది.

“నాతోని దాస్తానవా బిడ్డా? వాని పానం బాగలేదా? దవాఖానల షరీక్ జేసిండ్రా?”

ప్రేమలత భర్తను పైకి పిలిచింది. కొడుకు చెంపలు తడిమి ఆమె కుదుటపడింది. అతను కిందికి వెళ్లగానే మళ్లీ చెయ్యి గచ్చు మీదికి పోయింది. కొడుకు పనిలోకి దిగిందీ, అన్నానికి లేచిందీ ఇన్నేళ్లూ ఆమె ఆ వణుకుతోనే తెలుసుకుంటోంది. పైగది దాకా గీసిన మోడల్లో ఆ గదిలోని మనిషే లేదు. ప్రేమలతకు సిగ్గేసింది, అంతకు మించి దిగులేసింది.

సోమక్క మంచం పక్కనుంచే గిర్ని గదిలో నుంచి లేచిన ఒక స్తంభం పైకి పోతుంది. పక్కింటి గోడకు అది దూరం. గిర్నికీ దానికీ మధ్య ఎంత సన్నటి ఇనపకడ్డీ బిగిస్తే, ఏ హానీ లేకుండా అరచేతికి మాత్రం తెలుస్తుందో ప్రేమలత చూసింది. అదురు పుట్టించడానికి లెక్క కట్టడం ఆమెకు అదే మొదటిసారి. తెర మీద ఇల్లంతా నిద్రపోతున్నట్టుంటే, ఆ స్తంభం ఒక్కటే జొన్నకర్రలా మెల్లగా ఊగింది.

“ఆపుమన్నదీ నువ్వే, అదరగొట్టుమన్నదీ నువ్వేనా,” అంటూనే వెంకట్రాజం కిందికి వెళ్లి, కడ్డీ బిగించి గిర్ని ఆన్ చేశాడు.

ప్రేమలత అత్త చెయ్యి పట్టి స్తంభానికి ఆనించింది. సోమక్క కళ్లు మూసుకుంది. ముడతలు పడ్డ ముఖం మెల్లగా తేటపడింది. కోడలి చెయ్యి కూడా లాక్కుని తన చేతి కింద పెట్టుకుంది. అంతలో ఆ సన్నటి వణుకు కొంచెం బరువెక్కింది.

“ఇగో, నా కొడుకు,” అంది సోమక్క. “ఇప్పుడే మిరపకాయలు పోసిండు.”