క్రూజ్ కంట్రోల్, నా కాలు, ఆమె స్కూటర్

మా కారులో క్రూజ్ కంట్రోల్ ఉందని చుట్టపక్కాలందరికీ చెప్పి ఉన్నాను. బటన్ నొక్కి కాలు తీసేస్తే చాలు, బండి అదే వేగంతో దానంతటదే పోతుంది. కొండాపూర్‌లో ఉంటూ ట్రాఫిక్‌లో గచ్చిబౌలి ఆఫీసుకు పోయేవాడికి అది దేనికని అడగొద్దు. ఉన్నది కదా, అంతే. ఒక ఆదివారం ఔటర్ రింగ్ రోడ్డు మీద, మా ఆవిడ చూస్తుండగా, దర్జాగా బటన్ నొక్కి కాలు తీశాను. బండీ, నా పరువూ కలిసే నెమ్మదించాయి.

"గింతేనా?" అన్నది.

"తప్పెక్కడుందో నేనే కనిపెడత. కనిపెట్టినోళ్లదే కారు. ఓడినోళ్లు స్కూటర్ మీద ఆఫీసుకు."

అప్పటిదాకా స్కూటర్ ఆమెది. మా ఆఫీసులు ఒకే దారిలో. రోజూ నా కారు వెనకే ఆమె వచ్చేది.

సాఫ్ట్‌వేర్ వాళ్ల చేతిలో పడ్డ బండికి ఏం జరగాలో అదే జరిగింది. ముందు ఆపి, మళ్లీ స్టార్ట్ చేశాను. తర్వాత భీమవరం మిత్రుడొకడు ఆఫీసు సెల్లార్లో కారుకు లాప్‌టాప్ తగిలించి "బగ్గండి" అన్నాడు. నేను భగ్గుమన్నాను. ఫ్యూజులు చూశాం, స్టీరింగ్ వైర్లు కదిపాం. టెస్ట్ చేద్దామంటే నలభై దాటితే గానీ క్రూజ్ పట్టదు. కొత్తగూడ దగ్గర నలభై దాటేది ఎండ ఒక్కటే.

"మళ్లీ చేసి చూపించలేకపోతున్నామండి. బగ్గు క్లోజ్ చేసేద్దామా?" అన్నాడు, ఆఫీసు అలవాటు కొద్దీ.

శనివారం పొద్దున మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో తాళం తిప్పి పెట్టి, బానెట్‌లో తల దూర్చాను. స్కూటర్ కోసం దిగివచ్చిన మా ఆవిడ వెనకనుంచి అడిగింది.

"బండ్ల ఎవరున్నరు?"

"ఎవ్వరు లేరు."

"మరి బ్రేకు లైట్లు ఎందుకు వెలుగుతున్నయి?"

పోయి చూస్తే వెనక గోడంతా ఎర్రగా ఉంది. బ్రేకు పెడల్ పైన స్విచ్చును నొక్కిపట్టే చిన్న రబ్బరు బిళ్ల ముక్కలై రాలిపోయింది. అది లేక, నేనెప్పుడూ బ్రేకు తొక్కే ఉన్నాననుకుంది బండి. బ్రేకు తొక్కేవాడికి క్రూజ్ ఇవ్వదు. ఆ బిళ్ల ముక్కల్ని బిస్కెట్ పొడి అనుకుని మ్యాట్ మీంచి దులిపేసింది నేనే.

"నేను రోజూ చూస్తనే ఉన్న," అన్నది.

"చెప్పలేదేంది మరి?"

"నువ్వు జర భయంభయంగ నడుపుతవ్ కదా, బ్రేకు మీదనే కాలు పెట్టి పోతున్నవనుకున్న. అయినా ఆ రోడ్డు మీద ఎవరి లైట్లు ఆరినయని నీవి ఆరాలె?"

కొత్త బిళ్ల వేయించాం. ఆదివారం ఔటర్ మీద ఆమే నడిపింది, ఆమే బటన్ నొక్కింది. కాలు తీసి, "మంచిగున్నది," అన్నది.

సోమవారం కొత్తగూడ ఫ్లైఓవర్ దగ్గర నా కారు లైట్లు ఎంతసేపటికీ ఆరలేదు. స్కూటర్ పక్కకు తెచ్చి అద్దం తట్టాను.

"మళ్ల చెడిపోయిందా? లైట్లు ఆర్తలేవు."

అద్దం కాస్త దిగింది. ఏసీ చల్లగాలి నా ముఖానికి తగిలింది.

"ముందట బండి కదుల్తలేదు," అన్నది. "నువ్వు హెల్మెట్ పట్టీ పెట్టుకో."